మార్కులు పెరిగాయి, మరి ఇంట్లో మాట?

స్ట్రోక్ వచ్చి మాట పడిపోయినవారు, అంటే అఫేసియా ఉన్నవారు, ఎంత కోలుకున్నారో ఏ పరీక్షతో తేల్చాలన్న వాదన మళ్లీ రాజుకుంది. మార్కులు పెరిగాయి కదా అని ఒక పక్షం. ఇంట్లో ఏం కావాలో ఇప్పటికీ చెప్పలేకపోతున్నారని రెండో పక్షం. ఈ తగువుకు మూలం 1980లో ఉంది.

ఆ ఏడాది అమెరికాలో అఫేసియా పరిశోధకురాలు ఆడ్రీ హాలండ్, రోజువారీ జీవితంలో విషయం ఎంత అందించగలరో చూసే సీఏడీఎల్ అనే పరీక్ష తెచ్చారు. అప్పటికి పేరున్న పరీక్షల్లో ఎక్కువ భాగం బొమ్మ చూపించి పేరడిగేవి, వాక్యం చెప్పి తిరిగి అనమనేవి. (రోజువారీ సంభాషణను గమనించి అంచనా వేసే పద్ధతిని మార్తా టేలర్ సార్నో 1960లలోనే తెచ్చారు.) హాలండ్ మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్లినట్టు రోగితో నటింపజేసి చూశారు. అంతకంటే ముఖ్యం, మార్కులేసే తీరు. ఒక్కో అంశానికి 0, 1, 2. నోటితో చెప్పినా సైగ చేసినా సరే, విషయం ఎదుటివారికి అందితే పూర్తి మార్కులే.

సైగకూ మార్కులిస్తే భాష ఎంత తిరిగొచ్చిందో ఎలా తెలుస్తుందన్నది మొదటి పక్షం అభ్యంతరం. అందులో కొంత నిజముంది. నెదర్లాండ్స్‌లో 1994లో వచ్చిన ఆనెల్ట్ పరీక్షలోనూ పది నిత్యజీవిత సందర్భాలున్నాయి, కానీ నోటిమాటే లెక్క. దాంతో అఫేసియా తీవ్రంగా ఉన్నవారికి దాదాపు మార్కులేమీ రావు. 2010లో అదే దేశం నుంచి వచ్చిన సినారియో టెస్ట్ సైగల్ని, బొమ్మ గీయడాన్ని, ఎదుటివారి సాయాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది.

ఈ మధ్యలో, 1989లో, కెనడా పరిశోధకులు తయారుచేసిన సెటీ అనే ప్రశ్నావళి నేరుగా ఇంటివారినే అడిగింది. 16 సందర్భాలు, ఒక్కోదానికి మనిషి ఎలా నెట్టుకొస్తున్నారో ఒక గీతమీద గుర్తు పెట్టాలి. ఇంటివారి ఆశ, విసుగు ఆ గుర్తులోకి దిగుతాయంటారు. దిగొచ్చు. కానీ రోజంతా పక్కనుండేది వాళ్లే కదా!

2019లో, అఫేసియా పరిశోధనల్లో ఏ కొలతలు వాడాలో తేల్చే రోమా అనే అంతర్జాతీయ బృందం, భాషను కొలవడానికి వెస్టర్న్ అఫేసియా బ్యాటరీ అనే పరీక్షల సముదాయాన్ని ఖాయం చేసింది. సంభాషణను దేంతో కొలవాలో మాత్రం తేలలేదు. తర్వాతి విడతలో సినారియో టెస్ట్‌ను సిఫారసు చేసింది. అయితే ఇవన్నీ పరిశోధనల కోసం చేసిన సిఫారసులు. ఒక మనిషికి థెరపీ కొనసాగించాలా, ఆపాలా అన్నప్పుడు ఏ మార్కు చూడాలో అవి చెప్పవు. ఇప్పటి గొడవ దాని గురించే.