తలలో నికోటిన్ ఎక్కడ దిగుతుంది?

పొద్దున్నే టీ కొట్టు దగ్గర చూడండి. ఒక చేతిలో గ్లాసు, ఇంకో చేతిలో సిగరెట్. మొదటి దమ్ము లాగి, కళ్లు సగం మూసి, భుజాలు దించి నిలబడే మనిషి ఒకరైనా కనబడతారు. ఆ దమ్ములోని నికోటిన్ ఊపిరితిత్తుల్లోంచి రక్తంలో కలిసి మెదడుకు చేరడానికి 10 నుంచి 20 సెకన్లు చాలు. చేరాక ఎక్కడ దిగుతుంది?

మెదడు కణాల మీద ఉండే రిసెప్టర్లనే ప్రోటీన్ల మీద. నిజానికి అవి నికోటిన్ కోసం పుట్టినవి కావు. మన ఒంట్లోనే తయారయ్యే, కణాల మధ్య కబుర్లు మోసే అసిటైల్‌కోలిన్ కోసం ఉన్నవి. నికోటిన్ మారుతాళంలా వాటిలో ఇమిడిపోతుంది. 1905లో కేంబ్రిడ్జ్‌లో లాంగ్లీ అనే శరీరధర్మ శాస్త్రవేత్త కోడి కండరం మీద ఈ సంగతి పట్టుకున్నాడు. నరం చచ్చుబడ్డాక కూడా నికోటిన్ తగిలితే కండరం బిగుసుకుంది, క్యురారే అనే మొక్కల విషం వేస్తే సడలింది. అంటే మందును అందుకునేదేదో కండరంలోనే ఉంది! రిసెప్టర్ అన్న ఆలోచనకు అది గట్టి పునాది.

మెదడులో ఎక్కువగా ఉండేవి ఆల్ఫా4-బీటా2, ఆల్ఫా7 రకాలు. మొదటిది ఇంద్రియాల కబుర్లను మెదడు పైపొరకు చేరవేసే థాలమస్‌లో దట్టంగా ఉంటుంది. రెండోది జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌లో ఎక్కువ. మధ్య మెదడులో “బాగుంది, మళ్లీ కావాలి” అనిపించే డోపమైన్ అనే రసాయనాన్ని వదిలే కణాల మీదా రిసెప్టర్లున్నాయి, అలవాటు ముదిరేది అక్కడి నుంచే.

కానీ నన్ను బాగా ఆశ్చర్యపరిచే చోటు హబెన్యులా. థాలమస్ వెనకాల, రెండు పక్కలా పెసరగింజంత ఉంటుంది. ఇక్కడి రిసెప్టర్లలో ఆల్ఫా5 అనే ముక్క చేరుతుంది. నికోటిన్ మోతాదు మించితే “ఇక చాలు” అనే కబురు వెళ్లేది ఇక్కడి నుంచే. ఆల్ఫా5 లేని ఎలుకలు మోతాదు పెరిగినా ఆగకుండా నికోటిన్ తీసుకున్నాయని 2011లో తేలింది. మనుషుల్లోనూ ఆల్ఫా5ను తయారుచేసే జన్యువులో ఒక్క డీఎన్ఏ అక్షరం తేడా ఉన్నవాళ్లు పొగకు గట్టిగా బానిసలయ్యే అవకాశం ఎక్కువ. మానలేని మనిషిని “మనసు గట్టిది కాదు” అని తిట్టడం అన్యాయమని నేను గట్టిగా నమ్మేది అందుకే.

రోజూ సిగరెట్ తాగేవాళ్లలో ఆల్ఫా4-బీటా2 రిసెప్టర్ల సంఖ్య పెరుగుతుంది. రాత్రి నిద్రలో నికోటిన్ తగ్గిపోయి, తెల్లారేసరికి అవన్నీ ఖాళీగా ఎదురుచూస్తుంటాయి. ఆ చిరాకు, టెన్షన్ అందుకే. టీ కొట్టు దగ్గర ఒకటి రెండు దమ్ములకే వాటిలో దాదాపు సగం నిండిపోతాయని 2006లో మెదడు లోపల జరిగేది చూపే పెట్ (PET) స్కాన్లు చూపించాయి. మానేసినవాళ్లను స్కాన్ చేస్తే, 6 నుంచి 12 వారాల్లో ఆ సంఖ్య అసలు తాగనివాళ్ల స్థాయికి దిగివచ్చింది.