ఊదారంగు బిళ్ళకు రెండు రుచులు

రంగురంగుల పండ్ల రుచుల మిఠాయి బిళ్ళలు స్కిటిల్స్ పొట్లం విప్పితే నా చెయ్యి ముందు ఊదారంగు బిళ్ళ మీదికే పోతుంది. రుచి కోసం కాదు, దాని వెనకున్న కథ కోసం. అమెరికాలో కొన్న పొట్లంలో అది ద్రాక్ష, బ్రిటన్‌లో కొంటే బ్లాక్‌కరంట్ అనే చిన్న నల్లటి పుల్లని పండు. రంగు ఒకటే, పండు వేరు.

ఈ మిఠాయి పుట్టింది 1974లో, బ్రిటన్‌లోనే. 1979లో అమెరికాకు చేరింది. 1982 నుంచి అక్కడా తయారవుతోంది. మరి అమెరికాలో బ్లాక్‌కరంట్ ఎందుకు వెనకబడింది? చెట్ల తెగులు వల్ల. తెల్ల పైన్ చెట్లను చంపే ఒక తుప్పు తెగులు శిలీంధ్రం కొంతకాలం పైన్ మీద, కొంతకాలం బ్లాక్‌కరంట్ జాతి పొదల మీద బతుకుతుంది. ఒక పైన్ నుంచి మరో పైన్‌కు అది నేరుగా అంటుకోదు, మధ్యలో ఆ పొద ఉండాల్సిందే. కలప పోతుందన్న భయంతో 20వ శతాబ్దం మొదట్లో అమెరికా ప్రభుత్వం ఆ పొదల సాగునే నిషేధించింది. 1966లో నిర్ణయాన్ని రాష్ట్రాలకు వదిలేసింది గానీ, అప్పటికే తరాలు ఆ రుచి ఎరగకుండా పెరిగాయి. బ్రిటన్‌లో జరిగింది దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ. రెండో ప్రపంచ యుద్ధంలో నారింజలు కరువైతే, విటమిన్ సి కోసం పిల్లలకు బ్లాక్‌కరంట్ సిరప్ తాగించారు.

ద్రాక్ష బిళ్ళ కూడా చాలామందికి ద్రాక్షలా అనిపించదు. తప్పు నాలుకది కాదు. మిఠాయిల్లో ద్రాక్ష వాసనకు సాధారణంగా వాడేది మిథైల్ ఆంత్రనిలేట్ అనే పదార్థం. అమెరికాలో పండే కాంకర్డ్ ద్రాక్షకు ఘాటైన వాసన ఇచ్చేది అదే. మిగతా చాలా ద్రాక్ష రకాల్లో అది లేనట్టే లెక్క.

వాసన అంటున్నానేమిటి, రుచి గదా అంటారా? కళ్ళు, ముక్కు మూసుకుని ఒక బిళ్ళ నమలండి. తీపి, పులుపు తెలుస్తాయి, ఏ పండో తేల్చడం మాత్రం కష్టం. ముక్కు వదలగానే గొంతు వెనక నుంచి వాసన పైకెక్కి, పండు పేరు ఠక్కున తడుతుంది. నాలుక వంతు పని తక్కువే. స్కిటిల్స్‌లోనే సోర్ అనే పుల్లటి రకంలో మాత్రం పెత్తనం నాలుకదే, ఎందుకంటే అక్కడ పులుపు పొడి బిళ్ళ పైనే అద్ది ఉంటుంది. ట్రాపికల్, వైల్డ్ బెర్రీ అనే మిగతా రకాలు ఎక్కువగా ముక్కుతో ఆడే ఆటలే.

ఆకుపచ్చ బిళ్ళది ఇంకో గొడవ. అమెరికాలో అది మొదట లైమ్ రుచి. పసుపు బిళ్ళ లెమన్. తెలుగులో రెండూ నిమ్మే గనక మనకు ఈ తగువు అర్థం కావడం కష్టం! 2013లో లైమ్ తీసేసి ఆకుపచ్చ ఆపిల్ పెట్టారు. అభిమానులు ఊరుకోలేదు, ఏళ్ల తరబడి సణిగారు. 2021లో లైమ్ తిరిగొచ్చింది.