తాబేలు పిల్లల సందడికి ముందు ఈ తీరంలో ఏం జరిగింది?

ఫిబ్రవరి నెలాఖరు వచ్చేసరికి శ్రీకాకుళం తీరంలో తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలే కార్యక్రమాలు మొదలవుతాయి. తెల్లవారుజామునే స్కూలు పిల్లల్ని తీసుకొస్తారు. అటవీ శాఖ సిబ్బంది, స్వచ్ఛంద సంస్థల కుర్రాళ్లు బుట్టల్లో తెచ్చిన పిల్లల్ని తడి ఇసుక మీద వదులుతారు. అవి నీళ్ల వైపు పాకుతుంటే చుట్టూ ఫోన్లు లేస్తాయి. ఏప్రిల్ దాకా ఇదే సందడి. మిగతా ఏడాదికీ ఒక క్యాలెండర్ ఉంది. ఫిబ్రవరి 2న చిత్తడి నేలల దినం, జూన్ 5న పర్యావరణ దినం, వానలు పడ్డాక వనమహోత్సవం, సెప్టెంబరు మూడో శనివారం తీరం శుభ్రం చేసే రోజు. బారువలో బీచ్ ఉత్సవం కూడా చేశారు.

ఫ్లెక్సీల మీద 'ప్రజల భాగస్వామ్యంతో' అని రాస్తుంటారు. అయితే పర్యావరణం విషయంలో ఈ తీరపు జనం చాలా ముందే రోడ్డెక్కారు, అదీ ఎవరూ పిలవకుండానే. ఆ కథ తెలియకపోతే, ఇలాంటి కార్యక్రమాల్లో వినిపించే ఉపాధి మాటలను పేటల్లో పెద్దవాళ్లు ఎందుకు ఓ చెవితోనే వింటారో అర్థం కాదు.

ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా శ్రీకాకుళం తీరం సుమారు 193 కిలోమీటర్లు. దాని పక్కనే పూసపాటిరేగ, భోగాపురం మండలాల్లో విజయనగరం జిల్లాకు ముప్పై కిలోమీటర్ల లోపు తీరం ఉంది. బాహుదా, మహేంద్రతనయ, వంశధార, నాగావళి, చంపావతి ఇక్కడే సముద్రంలో కలుస్తాయి. ఇసుక దిబ్బలకు లోపలి వైపు పల్లపు నేలల్లో వాన నీరు నిలిచిపోతుంది. సోంపేట వైపు వాటిని బీల అంటారు, సంతబొమ్మాళి వైపు తంపర అంటారు. ఆ నీళ్లతో వరి పండుతుంది, ఎండాకాలంలో పశువులకు మేత దొరుకుతుంది, సముద్రం మీదికి వెళ్లలేని రోజుల్లో చేపలూ దొరుకుతాయి. ఇవన్నీ ఇస్తున్న నేల ప్రభుత్వ కాగితాల్లో మాత్రం పనికిరాని భూమి. అసలు గొడవ ఇక్కడే మొదలైంది.

పెద్ద ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతి తప్పనిసరి చేస్తూ కేంద్రం 1994లో నోటిఫికేషన్ ఇచ్చింది. స్థానికుల మాట వినాలన్న నిబంధన 1997లో వచ్చింది. 2006లో దాన్ని తిరగరాశారు. కాలుష్య నియంత్రణ మండలి సభ ఏర్పాటు చేయాలి, కలెక్టరో, అదనపు కలెక్టర్ స్థాయికి తగ్గని ఆయన ప్రతినిధో అధ్యక్షత వహించాలి, 30 రోజుల ముందే నోటీసు ఇవ్వాలి, ప్రాజెక్టు వల్ల ఏం జరుగుతుందో స్థానిక భాషలో సారాంశం ఉంచాలి. కాగితం మీద ఇది మంచి ఏర్పాటే. ఉత్తరాంధ్ర పల్లెల్లో పర్యావరణం అనే మాట గట్టిగా వినిపించింది ఈ ప్రజాభిప్రాయ సేకరణ సభల షామియానాల కిందే. నా లెక్కలో ఈ తీరంలో జరిగిన అసలైన సామాజిక పర్యావరణ కార్యక్రమం అదే. సెల్ఫీ పాయింట్ లేదు, టోపీలు పంచలేదు. రైతు మైకు పట్టుకుని తన చేను పక్కన నీళ్లు ఎన్ని నెలలుంటాయో చెప్పాడు. ఆ లెక్క ప్రాజెక్టు రిపోర్టులో లేదు.

సోంపేట బీలలో 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రానికి 2009లో అనుమతి వచ్చింది. రైతులు, మత్స్యకారులు కలిసి పర్యావరణ పరిరక్షణ సంఘం పెట్టుకుని రిలే దీక్షలకు దిగారు. 2010 జూలై 14న పనులు మొదలుపెట్టడానికి కంపెనీవాళ్లు పోలీసు బలగాలతో వచ్చినప్పుడు జనం అడ్డుకున్నారు. కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. అది చిత్తడి నేల అని ఊరివాళ్లు మొదటి నుంచీ చెబుతున్నదే చివరికి ఉత్తర్వుల్లోకి ఎక్కింది. ఒక్క రోజు ముందు వచ్చి ఉంటే ఎలా ఉండేదో అని సోంపేట వైపు ఇప్పటికీ అనుకునేవాళ్లున్నారు.

ఏడు నెలలు తిరిగాయో లేదో, 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి దగ్గర మళ్లీ కాల్పులు, మళ్లీ మరణాలు. అక్కడా 2,640 మెగావాట్ల బొగ్గు కేంద్రమే. స్థలం నౌపడ తంపర. వడ్డితాండ్ర లాంటి ఊళ్లు ఏళ్ల తరబడి దీక్షా శిబిరాలు నడిపాయి. ప్లాంటు సగంలోనే ఆగిపోయింది.

నౌపడ అనగానే ఉప్పు మడులు గుర్తొస్తాయి. పక్షులు చూసేవాళ్లకు మాత్రం ఆ పేరు వినగానే టెక్కలి మండలంలోని తేలినీలాపురం మెదులుతుంది. శీతాకాలం ముందు గూడబాతులు, రంగురంగుల కొంగలు వచ్చి ఊళ్లోని చింత, రావి చెట్ల మీద గూళ్లు పెట్టి, పిల్లలు ఎగిరేదాకా ఉంటాయి. చెట్ల మీద కాపురం సరే, తిండి ఎక్కడిది? దగ్గరలోని తంపర, ఉప్పు కయ్యలు, చెరువులే వాటి వంటిల్లు. ఊళ్లో చెట్లకు కంచె వేసి, బోర్డు పెట్టి, చూడటానికి టవర్ కట్టినా తంపర ఎండితే ఆ పక్షులు నిలవవు. కాకరాపల్లి గొడవలో పక్షుల ప్రస్తావన వచ్చింది ఇందుకే. అది పట్నం నుంచి వచ్చిన పక్షి ప్రేమికుల ముచ్చట అని అప్పట్లో కొందరు తేలిగ్గా తీసేశారు. కొంగ దిగే మడిలోనే మనిషి కూడా చేప పట్టుకుంటాడన్న సంగతి వాళ్ల దృష్టికి రాలేదు.

ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో ఇంకో తీరు. అక్కడికి నత్తగుల్ల కొంగలు వానాకాలం మొదట్లోనే దిగుతాయి. అవి వస్తే వానలు బాగుంటాయని ఊరివాళ్ల నమ్మకం. ఇళ్ల మధ్య చెట్ల మీదే గూళ్లు కాబట్టి రెట్టలు, వాసన, పడిపోయే పిల్లలు అన్నీ ఊరే భరించాలి. ఆ కొంగలు వరి మళ్లలో నత్తల్ని ఏరి తింటాయి గనుక రైతుకూ లాభమే. ఏ పథకమూ లేని రోజుల నుంచే ఊరు వాటిని కాపాడుతోంది. పక్షుల పండగలు ఆ తర్వాత వచ్చినవి.

ఇక తాబేళ్లు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి నుంచి రాత్రిపూట ఒడ్డుకొచ్చి, ఇసుకలో మూరెడు లోతు గొయ్యి తీసి, ఒక్కోటి వంద పైన గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. ఒడిశాలో గహిర్మఠ, రుషికుల్య దగ్గర లక్షల్లో ఒకేసారి వచ్చినట్టు ఇక్కడ రావు. అక్కడొకటి ఇక్కడొకటి వస్తాయి. అందుకే కాపలా కష్టం. తెల్లారేలోపు కుక్కలు, నక్కలు గుడ్లు తవ్వేస్తాయి. కాబట్టి రాత్రంతా ఒడ్డు వెంబడి నడిచి, జాడ పట్టి, గుడ్లు తీసి, కంచె వేసిన హేచరీలో అదే లోతున పాతిపెట్టాలి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు వస్తాయి. ఇసుక వేడిగా ఉంటే ఎక్కువ ఆడపిల్లలు, చల్లగా ఉంటే ఎక్కువ మగపిల్లలు. ఈ జాడ పట్టే పని చదువుకుని నేర్చుకునేది కాదు, పేటల కుర్రాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య. హేచరీల వల్ల తీరంలో వచ్చిన అసలైన ఉపాధి ఇదే, రాత్రి కాపలా.

గార మండలంలో శ్రీకూర్మం ఉంది, కూర్మనాథుడే అక్కడి మూలవిరాట్టు. తాబేలు వలలో పడితే దండం పెట్టి వదిలేసే అలవాటు ఇక్కడి మత్స్యకారుల్లో ఉంది. 1972 వన్యప్రాణి చట్టంలో అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలు దీనికి తర్వాత తోడైంది. అయినా ఏటా చచ్చిన తాబేళ్లు ఒడ్డుకు కొట్టుకొస్తూనే ఉన్నాయి. గాలి పీల్చుకోవడానికి అవి పైకి రావాలి. ట్రాలర్ వల అడుగున ఈడ్చుకుపోతుంటే రాలేవు. తాబేలు బయటపడే కిటికీ లాంటి పరికరం, టెడ్, వలకు బిగిస్తే చాలా వరకు బతుకుతాయి. అది లేని కారణంగానే అమెరికా మన సముద్రపు రొయ్యల్ని కొనడం ఆపేసింది. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు మరపడవలు వేటాడకూడదని రాష్ట్ర చట్టం 1994 నుంచీ చెబుతోంది. ఆ గీత దాటి పెద్ద బోట్లు వస్తున్నాయన్న ఫిర్యాదూ పాతదే. వంద పిల్లల్ని వదిలే ఫొటో పేపర్లో వస్తుంది. ఆ 8 కిలోమీటర్ల గీత మీద ఎంతమందిపై కేసులు పెట్టారన్నది రాదు.

మొక్కలు నాటే కార్యక్రమాల వెనక కథ తుపానులది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడే కొబ్బరి తోటల ప్రాంతమైన ఉద్దానానికి దెబ్బ తగిలింది. దాదాపు ఐదేళ్లకు, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి, పనస ఒక్క రాత్రిలో నేలకూలాయి. ఉద్దానంలో కొబ్బరి చెట్టంటే పెళ్లిళ్లకూ చదువులకూ పెట్టుబడి, ఇంటికో పెన్షన్. నాటిన మొక్క కాపుకు రావడానికి ఐదారేళ్లు పడుతుంది. అన్నాళ్లు ఏం తినాలి? చాలామంది విశాఖ, హైదరాబాద్, చెన్నై బస్సెక్కారు. పలాసలో జీడిపిక్కలు ఒలిచే పని ఆగలేదు గానీ, ఫ్యాక్టరీలు ఆఫ్రికా నుంచి తెచ్చుకునే పిక్కల మీద ఇంకా ఆధారపడ్డాయి.

అందుకే ఉద్దానంలో వనమహోత్సవం అంటే నవ్వుతారు కొందరు. ఏం నాటుతున్నారు, మూడో ఏడాది దానికి నీళ్లు ఎవరు పోస్తారు అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఒడ్డు వెంబడి సరుగుడు తోపులు గాలిని అడ్డుకుంటాయన్నది నిజమే. అయితే నీటి అంచు దాకా సరుగుడు పెడితే తాబేలుకు గుడ్లు పెట్టే చోటు ఉండదు, వేర్లు గొయ్యి తవ్వనివ్వవు. మొగలి పొదలు, ఇసుక మీద పాకే తీగలు పట్టి ఉంచిన దిబ్బే తీరానికి మొదటి గోడ. దాన్ని చదును చేసి పైన మొక్క నాటి ఫొటో దిగడం నాకైతే మింగుడు పడదు.

తీరం శుభ్రత కార్యక్రమాల్లో పోగయ్యేది ఎక్కువగా నదులు మోసుకొచ్చిన ప్లాస్టిక్, చిరిగిన నైలాన్ వలలు. ఏరడం మంచిదే. కానీ పైడిభీమవరం చుట్టుపక్కల మత్స్యకారులు ఏళ్లుగా మొత్తుకుంటున్నది చేతికి గ్లవ్స్ వేసుకుని ఏరగలిగే చెత్త గురించి కాదు, మందుల ఫ్యాక్టరీల నుంచి సముద్రంలోకి పోయే నీటి గురించి. ఈ రెండో మాట శుభ్రత కార్యక్రమం మైకులో వినిపించదు. విజయనగరం వైపు చర్చ అంతా భోగాపురం చుట్టూనే తిరిగింది. 2015లో విమానాశ్రయానికి 15,000 ఎకరాలన్నారు, రైతులు ఎదురు తిరిగాక అది చాలా తగ్గి, చివరికి 2,200 ఎకరాల దగ్గర ఆగింది. పక్కనే ముక్కాం, కోనాడ, చింతపల్లి పేటల్లో ఇప్పుడు రిసార్టుల మాటే మాట.

అవకాశాల సంగతికి వస్తే, ఈ తీరం మత్స్యకారుడికి అవకాశం ఎప్పుడూ దూరంలోనే ఉంది. 193 కిలోమీటర్ల తీరంలో పడవ భద్రంగా కట్టుకోవడానికి హార్బర్ లేక, వేల మంది ఏటా గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి అక్కడి బోట్ల మీద పనిచేశారు. 2018 నవంబరులో ఎక్కువగా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు చెందిన 22 మంది మత్స్యకారులను సముద్రంలో సరిహద్దు దాటారని పాకిస్తాన్ పట్టుకుంది. 2020 జనవరిలో 20 మంది వాఘా దగ్గర మన గడ్డ మీద అడుగుపెట్టారు, మిగతా ఇద్దరూ ఆ తర్వాత వచ్చారు. సొంత ఊళ్లో జెట్టీ ఉంటే మా వాడు అంత దూరం ఎందుకు పోతాడు అని అప్పుడు ఆ ఇళ్ల ఆడవాళ్లు అడిగారు. ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెంలో ఫిషింగ్ హార్బర్, వజ్రపుకొత్తూరు మండలం మంచినీళ్లపేటలో జెట్టీ అన్న ప్రతిపాదనలు అక్కడి నుంచి బలపడ్డాయి. 2023 ఏప్రిల్ 19న మూలపేట పోర్టుకు శంకుస్థాపన జరిగింది. మూలపేట ఉన్నది కూడా సంతబొమ్మాళి మండలంలోనే, అంటే కాకరాపల్లి ఉన్న మండలంలోనే. థర్మల్ ప్లాంటు ఉద్యోగాల మాట ఒకసారి విన్న ఊళ్లు ఇప్పుడు పోర్టు ఉద్యోగాల మాట వింటున్నాయి.

కార్యక్రమాల నిర్వాహకులు పర్యాటకం, గైడు పని, హోమ్‌స్టేలు అంటున్నారు. కాదనడానికి లేదు, తేలినీలాపురంలో సీజనులో నాలుగు టీ బళ్లు నడుస్తాయి. కానీ ఒక చిక్కు ఉంది. తూర్పు తీరంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట ఆపేస్తారు. హేచరీల్లో చివరి పిల్లలు కూడా దాదాపు అప్పుడే సముద్రంలోకి వెళ్లిపోతాయి. అంటే రాత్రి కాపలా కూలీ, పగటి వేట రెండూ ఒకే వారంలో ఆగిపోతాయి. పక్షులు అప్పటికే వెళ్లిపోయి ఉంటాయి, ఎండకు పర్యాటకులూ రారు. వేట నిషేధ భృతి 10,000 ఉన్నదాన్ని 2025లో 20,000 రూపాయలు చేశారు, ఆ పథకాన్ని ముఖ్యమంత్రి బుడగట్లపాలెంలోనే ప్రారంభించారు. అది బోటు మీద పేరున్నవాళ్లకు వస్తుంది. చేపలు ఎండబెట్టి తట్టలో అమ్ముకునే ఆడవాళ్లకు, హేచరీ దగ్గర కాపలా కాసిన కుర్రాడికి ఆ రెండు నెలలు ఏ పద్దులోనూ లేవు. తీరం మీద ఉపాధి ఇస్తామనేవాళ్లను వచ్చే సభలో ముందుగా అడగాల్సింది ఆ 61 రోజుల గురించే.