పొద్దున పనిచేసే ఏసీ మధ్యాహ్నం ఎందుకు మొరాయిస్తుంది?

అమలాపురం నుంచి ఒక పాఠకుడు అడిగారు: “మా కారు ఏసీ పొద్దున బాగానే పనిచేస్తుంది. రావులపాలెంలో పని చూసుకుని మధ్యాహ్నం తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఆన్ కాదు. బ్లోయర్ తిరుగుతుంది కానీ వచ్చేది వేడిగాలే. బండి చల్లారాక మళ్లీ మామూలే. మెకానిక్ గ్యాస్ అయిపోయిందన్నాడు. నిజమేనా?”

రోహిణి కార్తెలో, చెమట ఆరనివ్వని ఆ ఉక్కలో ఏసీ ఆగితే టెన్షన్ సహజమే. అయితే ఈ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. గ్యాస్ అయిపోతే ఏసీ ఇలా ప్రవర్తించదు.

మన రోడ్ల మీద చాలా కార్లలో ఉండేది ఆర్134ఎ అనే శీతలకం. మెకానిక్‌లు గ్యాస్ అనేది దీన్నే. బయట వదిలితే సున్నాకు 26 డిగ్రీలు కిందే మరిగిపోతుంది. గొట్టాల్లో బంధిస్తే కొంత ద్రవంగా, కొంత ఆవిరిగా ఉంటుంది. ఏసీ ఆపి ఉన్నప్పుడు లోపలి పీడనాన్ని నిర్ణయించేది ఎంత ద్రవం మిగిలిందన్నది కాదు, ఎంత వేడిగా ఉందన్నది. గేజి మీద 30 డిగ్రీల దగ్గర సుమారు 97 పీఎస్ఐ, 40 దగ్గర 133. లోపల కాస్త ద్రవం ఉన్నంతవరకూ ఇంతే. వంటగ్యాస్ సిలిండర్‌లో ఎంత మిగిలిందో తూచి చూస్తారు కానీ పీడనం కొలిచి కాదు, కారణం ఇదే. కారులో గ్యాస్ కూడా గ్రాముల లెక్కన తూచి ఎక్కించాలి. ఆగి ఉన్న బండికి గేజి తగిలించి, ముల్లు చూసి “సగమే ఉంది సార్” అనేవాళ్ల మాట నేను నమ్మను.

గ్యాస్ మరీ కారిపోయి పీడనం సుమారు 2 బార్ (దాదాపు 29 పీఎస్ఐ) కంటే కిందికి పడిపోతే ఒక స్విచ్ కంప్రెసర్‌కి, అంటే గ్యాస్‌ని నొక్కి తిప్పే పంపుకి, కరెంటు ఆపేస్తుంది. కంప్రెసర్‌కి కావలసిన నూనె గ్యాస్‌తో కలిసే తిరుగుతుంది మరి. గ్యాస్ లేకుండా తిప్పితే బిగుసుకుపోతుంది. కానీ ఎండెక్కితే పీడనం పెరుగుతుంది కదా! గ్యాస్ తక్కువై ఆగే ఏసీ పొద్దున మొరాయించి మధ్యాహ్నం పనిచేయాలి. ఈయన కారులో జరిగేది దానికి సరిగ్గా తిరగబడి ఉంది. ముందున్న ఫ్యాన్ తిరగక పీడనం మితిమీరినా ఏసీ ఆగుతుంది గానీ, అప్పుడు కంప్రెసర్ ముందు అందుకుని, కాసేపటికి వదిలేస్తుంది.

నా అనుమానమంతా మాగ్నెటిక్ క్లచ్ మీదే. ఇంజన్ బెల్టుకి కంప్రెసర్‌ని కావలసినప్పుడు కలిపి, వద్దన్నప్పుడు విడదీసేది అదే. అమెరికాలో 1940 మోడల్ ప్యాకార్డ్ కార్లకి ఏసీ పెట్టినప్పుడు ఈ క్లచ్ లేదు. ఏసీ వద్దనుకుంటే ఇంజన్ ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాలి! ఇప్పటి కార్లలో ఇంజన్ నడిచినంతసేపూ బెల్టుతో పుల్లీ ఊరికే తిరుగుతూ ఉంటుంది. దాని ముందు, సుమారు అర మిల్లీమీటరు ఎడంలో, కంప్రెసర్ ఇరుసుకి బిగించిన ఒక ఇనుప పళ్లెం ఉంటుంది. ఏసీ నొక్కగానే పుల్లీ వెనకున్న రాగి చుట్ట అయస్కాంతమై ఆ పళ్లాన్ని లాగుతుంది. మనకి వినపడే “టక్” అదే.

విలియం స్టర్జన్ 1825లో చేసి చూపించిన విద్యుదయస్కాంతమే ఇది. పదో తరగతిలో సోలినాయిడ్ బొమ్మ గీయించి, ఓమ్ నియమం వల్లె వేయించి మార్కులు వేసేస్తాం. ఆ రెండూ కలిసి బానెట్ కింద ఏం చేస్తున్నాయో ఒక్కసారి చూపిస్తే పిల్లలు జన్మలో మరిచిపోరు. చూద్దాం.

చుట్ట నిరోధం 3.5 ఓమ్‌లు, బ్యాటరీ 12 వోల్టులు అనుకోండి. పొద్దున 30 డిగ్రీల్లో 3.4 ఆంపియర్లు పారతాయి. రాగి నిరోధం డిగ్రీకి దాదాపు 0.4 శాతం పెరుగుతుంది. ఇంజన్ పక్కన ఉడికి చుట్ట 100 డిగ్రీలకి చేరితే నిరోధం 4.45 ఓమ్‌లు, కరెంటు 2.7 ఆంపియర్లు. లాగే బలం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి పొద్దుటి బలంలో 62 శాతమే మిగిలింది. కొత్త క్లచ్‌కి అదీ చాలు. కానీ ఏళ్ల తరబడి అరిగి ఎడం 0.5 నుంచి 0.8 మిల్లీమీటర్లకి పెరిగిందనుకోండి. బలం ఎడం వర్గానికి ఉజ్జాయింపుగా విలోమంలో తగ్గుతుంది. చల్లగా ఉన్నప్పుడే 39 శాతం, వేడెక్కితే 24 శాతం. పళ్లాన్ని వెనక్కి పట్టి ఉంచే స్ప్రింగుల్ని పొద్దున అతి కష్టం మీద గెలిచిన అయస్కాంతం మధ్యాహ్నానికి ఓడిపోతుంది.

ఇందులో నాకు మరీ ఇష్టమైన విషయం ఇంకొకటి. ఒకసారి పళ్లెం అతుక్కున్నాక ఎడం దాదాపు ఉండదు కాబట్టి, కరెంటు తగ్గినా పట్టు సడలదు. అందుకే పొద్దున పట్టుకున్న ఏసీ వేడిలోనూ నడుస్తూనే ఉంటుంది. లోపల చాలినంత చల్లబడి థర్మోస్టాట్ ఒక్కసారి వదిలించిందంటే మాత్రం మళ్లీ అందుకోలేదు. “దారిలో ఉన్నట్టుండి ఆగిపోయింది” అనేవాళ్లలో కొందరి కథ ఇదే.

అంతర్వేది, ఓడలరేవు వైపు తిరిగే బండ్లకి ఉప్పుగాలి కూడా తోడవుతుంది. కనెక్టర్‌లో రాగి పచ్చగా చిలుమెక్కి అర ఓమ్ నిరోధం కలిసినా, వేడెక్కాక 62 శాతం ఉండాల్సిన బలం 50కి దిగుతుంది. ఏసీ వాడకుండా దాచుకుంటే పదికాలాలు మన్నుతుందన్న నమ్మకం బంపర్‌కి కట్టే నిమ్మకాయ కన్నా హానికరం. నెలల తరబడి తిప్పకపోతే ఇరుసు సీలుకి నూనె అందక ఎండి గ్యాస్ కారుతుంది. వానాకాలంలో అద్దం మీద ఆవిరి పోవడానికైనా అప్పుడప్పుడూ ఏసీ వేయండి.

ఇక పరీక్ష. ఏసీ మొరాయించినప్పుడే, ఇంజన్ నడుస్తుండగా, క్లచ్ తీగ దగ్గర మీటరు పెట్టించండి. అక్కడికి 12 వోల్టులు, ఆపైన వస్తున్నా “టక్” లేదంటే తప్పు క్లచ్‌ది. రావడం లేదంటే ఫ్యూజు, రిలే, ప్రెషర్ స్విచ్ వరసన వెనక్కి వెతకాలి. పొలాల పక్కన ఆగే బండ్లలో ఎలుకలు కొరికిన తీగల్నీ చూడాలి. క్లచ్చే లేని కొత్తరకం కంప్రెసర్లకి ఈ పరీక్ష పనికిరాదు. తిరిగే పళ్లాన్ని కర్రతో పొడిచి చూసే అలవాటు కొందరికుంది. బెల్టు దగ్గర ఆ ఆటలు వద్దు.

ఎడం పెరిగిందో లేదో ఇంజన్ ఆపి, చల్లారాక ఫీలర్ గేజితో, అంటే సందులో దూర్చి కొలిచే పలచటి రేకులతో, కొలవచ్చు. చాలా కంప్రెసర్లలో పళ్లెం వెనక షిమ్‌లనే సన్నటి వాషర్లు ఉంటాయి. ఒకటి తీసేస్తే పళ్లెం అంత మేర దగ్గరవుతుంది. తీయడానికి షిమ్‌లు మిగలకపోతే, చుట్టే కాలిపోతే క్లచ్ సెట్టు మార్చాలి. ఈ పనులేవీ గ్యాస్ ఉండే భాగం జోలికి వెళ్లవు కాబట్టి, బిల్లులో గ్యాస్ ఖర్చు కనిపిస్తే ఎందుకో అడగండి.