ఎండుపుల్లలకు మొగ్గలొచ్చాయి

మల్కాజిగిరి, హైదరాబాద్
ఉగాదికి ఇంకా పది రోజులుంది

చిన్నీ, బుజ్జీ,

పరీక్షలయ్యేదాకా మీతో ఫోన్లో ఎక్కువసేపు మాట్లాడొద్దని మీ అమ్మ ఆర్డరేసింది. అందుకని ఉత్తరం రాస్తున్నాను. చేతిలో కాగితం ఉంటే చదువుకుంటున్నారనే అనుకుంటుంది, భయపడకండి.

సంక్రాంతికి వచ్చినప్పుడు పెరట్లో మల్లెపొదను చూసి "తాతయ్యా, ఇది చచ్చిపోయింది, పీకేద్దాం" అన్నావు బుజ్జీ. నీ తప్పేం లేదులే. మోకాలెత్తు పుల్లలు, ఒక్క ఆకు లేదు. ఎవరు చూసినా పొయ్యిలోకే అనుకుంటారు. ఇవాళ పొద్దున ఆ పుల్లలకే 41 మొగ్గలున్నాయి. పూలు లెక్కపెడితే తగ్గిపోతాయని మీ అమ్మమ్మ కోప్పడుతుంది కాబట్టి పెదవి కదపకుండా లెక్కపెట్టాను.

అసలు సంగతేమిటంటే, ఆ ఆకులు చలికి రాలలేదు. నేనే దూసేశాను. మల్లె ముదురు కొమ్మకు పూయదు, కొత్తగా వేసిన చిగురు చివర పూస్తుంది. ఎండాకాలంలో బుట్టెడు పూలు కావాలంటే ముందు దానికి కొత్త చిగుళ్ళు బోలెడు రావాలి. అందుకని డిసెంబరు ఆఖర్లో నీళ్ళు మానేశాను. ఆకు వడిలాక కత్తెర పట్టి కొమ్మలు పొట్టిగా కత్తిరించి, మిగిలిన ఆకులు చేత్తో దూసి పడేశాను. మల్లెతోటలు వేసే రైతులు చేసేదీ ఇదే పని. ఆ తరవాత మట్టిని ఎండనిచ్చి, చలి తగ్గుముఖం పట్టాక చుట్టూ పాది తవ్వి, మాగిన పశువుల ఎరువు వేసి, కడుపునిండా నీళ్ళు పెట్టాను. అప్పటిదాకా కణుపుల్లో ముడుచుకుని పడుకున్న మొలకలన్నీ ఒక్కసారే లేచాయి.

ఇదంతా నేను పుట్టుకతో నేర్చుకొచ్చింది కాదు. ఈ ఇంట్లోకి వచ్చిన మొదటి ఏడాది ఒక మల్లెను నా చేతులతోనే చంపాను. చలికాలంలో ఆకు పసుపుబారి రాలుతుంటే నాకు టెన్షన్ పట్టుకుంది. దాహమేమో అని రోజూ చెంబెడు నీళ్ళు పోశాను. బలం చాలదేమో అని గుప్పెడు యూరియా కూడా వేశాను. చలిలో మొక్క నీళ్ళు తాగేదే తక్కువ. మట్టి ఆరదు. ఆరని మట్టిలో వేళ్ళకు ఊపిరాడదు. శివరాత్రికి పీకి చూస్తే వేళ్ళు నల్లబడి, నానబెట్టిన చింతపండులా చేతికి ఊడొచ్చాయి. వాసన కూడా, ఛీ, అది రాయను, మీరు అన్నం తింటూ చదువుతుంటారు.

మన ఊరి చలి ఎంతని? మంచు పడే దేశాలవాళ్ళు వింటే నవ్విపోతారు. హైదరాబాద్‌లో 1946 జనవరిలో ఒకసారి 6.1 డిగ్రీలకు దిగింది గానీ, మామూలుగా రాత్రిపూట 13, 14 డిగ్రీలుంటే చాలు, మనం మఫ్లర్లు బయటికి తీస్తాం. మొక్కలూ మనలాంటివే. ఇక్కడి ఎండకు అలవాటుపడ్డవి, ఆ మాత్రానికే ముడుచుకుంటాయి. కరివేపాకు మరీ సుకుమారం. చలి ముదిరితే పెరుగుదల ఆపేసి, ఉన్న ఆకుల్ని పసుపు చేసుకుని రాల్చేస్తుంది.

ఆకు రాలే ముందు పసుపు ఎందుకవుతుందో తెలుసా? ఇల్లు ఖాళీ చేసేటప్పుడు బల్బులు, ఫ్యాన్లు కూడా విప్పుకుపోయేవాళ్ళుంటారు చూడండి, చెట్టు అలాంటిది. ఆకులో ఉన్న నత్రజనిలో చాలా మటుకు వెనక్కి లాగేసుకుంటుంది. ఆకుపచ్చ రంగునిచ్చే పత్రహరితం విరిగిపోతుంది. అప్పటిదాకా దాని కింద దాక్కున్న పసుపు బయటపడుతుంది. అంటే చెట్టు మన కాళ్ళ ముందు పారేసేది ఖాళీ సంచి. సరుకంతా కొమ్మల్లో, వేళ్ళలో దాచుకుంటుంది.

బతికుందో లేదో తెలుసుకోవాలంటే గోటితో గీకి చూడాలి. కొమ్మ మీద పైతొక్క ఒక గింజంత మేర గీకండి. కింద లేతాకుపచ్చగా, తడిగా ఉంటే బతికినట్టే. గోధుమరంగులో పొడిగా ఉంటే ఇంకాస్త కిందికి వెళ్ళి గీకాలి. పై కొమ్మ ఎండినా మొదలు బతికే ఉండొచ్చు. ఒక కొమ్మకు ఒకచోట చాలు. మీ సంగతి నాకు తెలుసు, చెట్టంతా గీకి పెడతారు.

మన గల్లీ చివర వేపచెట్టు గుర్తుందిగా? 2021లో ఊరంతా వేపచెట్లకు తెగులొచ్చింది. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం పని. కొమ్మల చివర్లు నిప్పు సోకినట్టు మాడిపోయాయి. కొట్టేద్దామని గల్లీలో కొందరు, ఆగుదామని ఇంకొందరు పెద్ద పంచాయితీ పెట్టారు. నేను ఆగుదామన్న పార్టీ. మరుసటి ఎండాకాలానికి అది మళ్ళీ చిగురేసింది. ఇప్పుడు దాని నిండా పూతే. కిందికి వెళ్తే చొక్కా మీద తెల్లగా రాలుతోంది. ఈసారి ఉగాది పచ్చడికి పువ్వు అక్కణ్ణించే.

వేప విషయంలో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది వేరే ఉంది. అది ఆకు రాల్చేది చలికి కన్నా నీళ్ళ కరువుకి. వానలు పడి నెలలైంది, నేల ఎండింది, ఆకులుంటే వాటిలోంచి నీళ్ళు ఆవిరైపోతాయి. అందుకని వదిలించుకుంటుంది. సరే, వాన పడ్డాక చిగురిస్తే న్యాయం. కానీ వాన పడకముందే, ఎండలు ముదురుతుండగానే కొత్తాకు తొడుగుతుంది. పాతాకు పోయాక ఆదా అయిన నీళ్ళు, లోతు వేళ్ళు కింద్నించి లాగిన తడి దానికి చాలు.

మామిడి చిగురు, రావి చిగురు ఎర్రగా ఎందుకుంటాయని చిన్ని అడిగింది కదా. లేతాకులో పత్రహరితం ఇంకా సరిగ్గా తయారవలేదు, తొక్క పల్చన. ఎండకు మాడకుండా ఆ ఎరుపు అడ్డుపడుతుంది, పసిపిల్ల నెత్తిన తుండుగుడ్డ కప్పినట్టు. ఆకు ముదిరాక పచ్చబడుతుంది.

అన్నట్టు చిన్నీ, నీ బెండగింజలు! సంక్రాంతికి నువ్వు పెట్టిన ఆరింటిలో ఒక్కటీ మొలవలేదని, కొట్టువాడు మోసం చేశాడని అలిగి వెళ్ళావు. పాపం అతని తప్పేం లేదు. బెండకు మట్టి వెచ్చగా ఉండాలి, 17 డిగ్రీల కింద దానికి లేవబుద్ధి కాదు. శివరాత్రికి చలి శివ శివా అంటూ పోతుందంటారు, అలాగే పోయింది. అదే ప్యాకెట్లో మిగిలిన గింజల్ని రాత్రంతా నానబెట్టి గ్రోబ్యాగులో పెట్టాను. అయిదో రోజు పొద్దున మట్టి చిన్నగా పగిలింది. ముందు మెడ వంచుకుని ఒక తెల్లటి వంపు బయటికొచ్చింది, తల ఇంకా లోపలే. మధ్యాహ్నానికి తల లేపింది. గింజ తొక్క టోపీలా నెత్తిన అలాగే ఉంది. తీసేద్దామని వేలు పెట్టబోతే మీ అమ్మమ్మ నా చేతి మీద ఒక్కటేసింది. సాయంత్రానికి రెండాకులూ విచ్చుకుని టోపీ దానంతటదే పడిపోయింది.

మొక్కలు లేస్తే పురుగులూ లేస్తాయి. మందారం మీద పిండినల్లి అప్పుడే మొదలైంది. దాని వెనకే చీమల బారు. పిండినల్లి వదిలే తియ్యటి జిగురు కోసం చీమలు దాన్ని కాపలా కాస్తాయి, పాల కోసం గేదెను మేపినట్టు. సబ్బునీళ్ళు కొడుతున్నాను. అదో రోజువారీ యుద్ధం.

కరివేపాకు కూడా చిగురేసింది, ఒక్క కొమ్మ తప్ప. తూర్పు వైపుది. పైన గీకితే గోధుమరంగు, జానెడు కిందికి వచ్చాక పచ్చ. ఎక్కడిదాకా కత్తిరించాలో అక్కడ మీ అమ్మమ్మ పాతచీర పీలిక కట్టాను. బుజ్జీ, పీకేద్దామన్నది నువ్వే కాబట్టి కత్తెర నీ కోసం ఆపాను. ఉగాదికి రాగానే ముందు నువ్వే గీకి చూడు, తరవాత కత్తిరిద్దాం.

మీ
తాతయ్య