3,285 కిలోమీటర్లు, 8 సెకన్లు

చిన్నారులకు తాతయ్య ఆశీస్సులు.

"టూర్ డి ఫ్రాన్స్‌లో రోజుకొకరు ముందు వస్తున్నారు కదా, మరి చివరికి గెలిచేది ఎవరు తాతయ్యా?" అని మొన్న అడిగారు. అది ఫోన్‌లో తేలే మాట కాదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

టూర్ ఒక్క రోజు పందెం కాదు, మూడు వారాల సైకిల్ పందెం. ఒక్కో రోజు తొక్కేదాన్ని స్టేజ్ అంటారు. ఆ రోజు ఎవరికి ఎంత టైమ్ పట్టిందో రాసుకుని, పాతదానికి కలుపుతూ పోతారు. మొత్తం కలిపి ఎవరికి తక్కువ పడితే వాళ్లకే ఆ రోజు పసుపు జెర్సీ. ఆఖరి రోజు అది ఎవరిదైతే వాళ్లే విజేత. ఒక్క స్టేజ్‌లో కూడా ఫస్ట్ రాకుండా టూర్ గెలవడం సాధ్యమే. కానీ పోగొట్టుకున్న సెకను మాత్రం ఖాతాలోంచి చెరిగిపోదు.

1989 టూర్ సంగతి చెబితే మీకు బాగా అర్థమవుతుంది. జూలై 1న లక్సెంబర్గ్‌లో మొదలైంది. అంతకుముందు ఏడాది గెలిచిన స్పెయిన్ ఆటగాడు పెద్రో డెల్గాడో మొదటి రోజే స్టార్టింగ్ దగ్గరికి ఆలస్యంగా వచ్చాడు. గడియారం ఆయన కోసం ఆగలేదు. తొక్కడం మొదలుపెట్టకముందే 2 నిమిషాల 40 సెకన్లు పోయాయి. మూడు వారాలు ఎంత కష్టపడ్డా మూడో స్థానమే దక్కింది.

అసలు పోటీ ఇద్దరి మధ్య. ఒకరు ఫ్రాన్స్‌కు చెందిన లోరాన్ ఫిన్యోన్. కళ్లజోడు, వెనక్కి కట్టిన జుట్టు. అప్పటికే టూర్ రెండుసార్లు గెలిచాడు. రెండోవారు అమెరికా ఆటగాడు గ్రెగ్ లెమాండ్. 1986లో గెలిచాడు. మరుసటి ఏడాది వేటకు వెళ్లినప్పుడు పొరపాటున తుపాకీ పేలి చావు అంచుదాకా వెళ్లొచ్చాడు. ముప్పైకి పైగా సీసం గుళ్లు ఒంట్లో ఉండగానే మళ్లీ సైకిలెక్కాడు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తోంది.

అయిదో స్టేజ్ నుంచి పసుపు జెర్సీ వీళ్లిద్దరి మధ్యే చేతులు మారుతూ వచ్చింది. చివరి రోజు జూలై 23. వెర్సాయ్ నుంచి పారిస్‌కు 24.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్. అంటే గుంపుగా కాకుండా ఒక్కొక్కరే గడియారంతో పోటీపడాలి. ఫిన్యోన్ 50 సెకన్ల ముందంజలో ఉన్నాడు. అంత తక్కువ దూరంలో అది కరిగిపోదనే చాలామంది అనుకున్నారు.

ఇప్పుడు టేబుల్ ఫ్యాన్ ముందుకెళ్లి అరచెయ్యి అడ్డంగా పెట్టండి. తర్వాత చెయ్యి తిప్పి అంచు మాత్రమే గాలికి ఎదురుగా ఉంచండి. తోపు ఎంత తగ్గిందో చూశారా? వేగంగా తొక్కేవాడి బలంలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే పోతుంది. లెమాండ్ హ్యాండిల్‌కి ముందుకు పొడుచుకొచ్చే బార్లు బిగించుకున్నాడు. మోచేతులు దగ్గరగా పెట్టి, ఒళ్లు వంచి, వెనక్కి సాగిన హెల్మెట్ పెట్టుకున్నాడు. ఫిన్యోన్‌కు ఆ బార్లూ లేవు, హెల్మెట్టూ లేదు. జుట్టు గాలికి ఎగురుతూనే ఉంది. పైగా సీటు ఒరుసుకుని పుండు పడి, కూర్చోవడమే నరకంగా ఉంది. ఓటమికి బార్లే కారణమని కొందరంటారు. నేను మాత్రం ఆ పుండును మర్చిపోలేను.

లెమాండ్ 26 నిమిషాల 57 సెకన్లలో పూర్తిచేసి, గడియారం చూస్తూ నిలబడ్డాడు. జెర్సీ ఉన్నవాడే ఆఖరున బయలుదేరతాడు కాబట్టి ఫిన్యోన్ ఇంకా దారిలోనే ఉన్నాడు. ఆయన 27 నిమిషాల 47 సెకన్లు దాటకూడదు. షాంజెలిజే రోడ్డు మీద వస్తూ కనిపిస్తున్నాడు, గడియారం 47 దాటేసింది. 55 దగ్గర గీత దాటి నేల మీద కూలిపోయాడు.

3,285 కిలోమీటర్లు తొక్కాక తేడా 8 సెకన్లు. ఇంత తక్కువ తేడా ఆ టూర్‌లో అంతకుముందు లేదు, ఆ తర్వాతా రాలేదు. ఫిన్యోన్ 2010లో క్యాన్సర్‌తో పోయాడు, యాభై ఏళ్లకే. 8 సెకన్లతో ఓడినవాడిగా తనను గుర్తుపట్టిన వాళ్లకు, టూర్ రెండుసార్లు గెలిచినవాణ్నని జవాబిచ్చేవాడు. మీరు ఆయన పేరు ఎక్కడైనా చదివితే, 1983, 1984 కూడా గుర్తుంచుకోండి.

మీ
తాతయ్య