టాక్రోలిమస్: మాత్ర ఒకటే, రక్తంలో లెక్క వేరు

కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు ఆసుపత్రి వరండాలో కలిస్తే మొదట అడిగేది క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) ఎంత అని. ఆ వెంటనే, "లెవెల్ ఎంత వచ్చింది?" అంటారు. ఆ లెవెల్ టాక్రోలిమస్ అనే మందుది. కొత్త కిడ్నీని పరాయిదనుకుని శరీరం దాడి చేయకుండా, అంటే తిరస్కరించకుండా, ఆపే మందు అది. మిల్లీలీటరు రక్తంలో ఐదో, ఎనిమిదో నానోగ్రాములు ఉంటుంది. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు. మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవారిలో ఎక్కువమంది స్త్రీలే. ఒక తల్లో, భార్యో ఇచ్చిన కిడ్నీ నిలబడడానికి ఇంత చిన్న అంకె కీలకం కావడం వెనుక డెబ్బై ఏళ్ల చరిత్ర ఉంది.

1954 డిసెంబరు 23న బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం తొలి విజయవంతమైన మార్పిడి చేసినప్పుడు తిరస్కరణ ప్రశ్నే రాలేదు. దాత, గ్రహీత అచ్చుగుద్దినట్టున్న కవలలు కావడంతో శరీరం కొత్త కిడ్నీని పరాయిదనుకోలేదు. అలాంటి తోబుట్టువు లేనివారికి 1960ల ఆరంభంలో రోగనిరోధక శక్తిని అణిచే అజాథయోప్రిన్, స్టిరాయిడ్లు దారి చూపాయి. వెల్లూరు సీఎంసీలో 1971లో మన దేశపు తొలి విజయవంతమైన మార్పిడి జరిగింది ఆ మందుల కాలంలోనే. అప్పట్లో బరువును బట్టి మోతాదు వేసి, తెల్ల రక్తకణాలు పడిపోతున్నాయేమో చూసేవారు.

నార్వే మట్టిలోని శిలీంధ్రం నుంచి వచ్చిన సైక్లోస్పోరిన్ అనే మందు పరిస్థితిని మార్చింది. 1978లో కేంబ్రిడ్జ్ వైద్యులు రోగులకు ఇచ్చినప్పుడు అది తిరస్కరణను బాగా అడ్డుకుంది. కానీ ఎక్కువైతే, కాపాడవలసిన కిడ్నీనే దెబ్బతీసింది. రక్తంలో మందును కొలవక తప్పని పరిస్థితి అలా వచ్చింది. 1984లో జపాన్‌లోని త్సుకుబా కొండ మట్టి నుంచి దొరికిన టాక్రోలిమస్‌దీ ఇదే తీరు: తక్కువైతే తిరస్కరణ, ఎక్కువైతే విషం. కిడ్నీ మార్పిడికి అమెరికా దాన్ని 1997లో అనుమతించింది.

ఒకే బరువున్న ఇద్దరికి ఒకే మోతాదు ఇచ్చినా లెవెల్ ఎందుకు తేడాగా వస్తుంది? నల్లజాతి రోగులకు ఎక్కువ మందు కావలసి వస్తోందని అమెరికా వైద్యులు ముందే గమనించారు. కారణం 2001 తర్వాత స్పష్టమైంది. పేగుల్లో, కాలేయంలో ఈ మందును విరగ్గొట్టే సివైపి3ఏ5 అనే ఎంజైమ్ కొందరిలో పనిచేస్తుంది, కొందరిలో చేయదు. పనిచేసేవారికి మోతాదు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు కావాలి. యూరోపియన్లలో అత్యధికులకు అది పనిచేయదు, ఆఫ్రికన్లలో ఎక్కువమందికి పనిచేస్తుంది. భారతీయులది మధ్యస్థితి. కాబట్టి ఎవరికో కుదిరిన మోతాదు మనకూ కుదురుతుందని అనుకోవడానికి వీల్లేదు.

జన్యువును బట్టి మొదటి మోతాదు నిర్ణయిస్తే లెవెల్ త్వరగా దారికొస్తుందని అధ్యయనాల్లో తేలింది. తిరస్కరణలు మాత్రం తగ్గలేదు. లెవెల్ చూసి రోజుల్లోనే సరిదిద్దుతున్నప్పుడు జన్యు పరీక్షతో కలిగే అదనపు మేలు కొంచెమే. ఖర్చు చూసుకోవలసిన కుటుంబానికి లెవెల్ పరీక్షే ముఖ్యమని నా అభిప్రాయం. 2007లో వెలువడిన సింఫనీ అధ్యయనం తక్కువ లెవెల్, అంటే 3 నుంచి 7 నానోగ్రాములు, ఇతర మందులతో కలిపితే మంచి ఫలితమిస్తుందని చూపింది. ఆపైన పరిశోధకుల దృష్టి ఊగిసలాట మీదికి మళ్లింది. సగటు బాగానే ఉన్నా లెవెల్ పదేపదే పైకీ కిందికీ పోయేవారిలో కిడ్నీ చెడిపోవడం ఎక్కువని తేలింది.

ఆ ఊగిసలాటకు మన దగ్గర కారణాలు చాలా ఉన్నాయి. క్షయకు వాడే రిఫాంపిసిన్ లెవెల్‌ను అమాంతం పడగొడుతుంది. రక్తపోటుకు వాడే డిల్టియాజెమ్, ఫంగస్‌కు వాడే కీటోకొనజోల్ పెంచుతాయి. ఖరీదైన టాక్రోలిమస్ తక్కువ సరిపోయేలా వాటిని కావాలనే జతచేసిన వైద్యులూ ఉన్నారు. అలాంటి రోగి ఆ రెండో మాత్రను తనంతట తాను మానేస్తే ప్రమాదమే. పంపరపనస తిన్నా లెవెల్ పెరగవచ్చు. విరేచనాలైతే మందు బయటికి పోయి తగ్గిపోతుందనుకుంటారు. చాలాసార్లు జరిగేది అందుకు విరుద్ధం: పేగు గోడ దెబ్బతిని మందును విరగ్గొట్టలేక లెవెల్ పైకి పోతుంది.

పరీక్షకు రక్తం ఇవ్వవలసింది రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు, ఉదయపు మాత్ర వేసుకోకముందు. పొరపాటున వేసుకుని వెళితే అంకె ఎక్కువగా కనిపిస్తుంది. అది నమ్మి వైద్యుడు మోతాదు తగ్గిస్తే కిడ్నీకి రక్షణ కరవవుతుంది. అలా జరిగిన రోజున మాత్ర వేసుకున్నామని, ఏ గంటకు వేసుకున్నామో కూడా రక్తం తీసేవారికి చెప్పి చీటీ మీద రాయించాలి.